మాటలందించేవాడి ఫ్రెంచి చదువు

యూనివర్సిటీ వెనక వీధి,
పళ్ళ డాక్టరు గారి మేడమీద గది

మరదలికి,

ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొడదామనే అనుకున్నాను. రాస్తే నువ్వు నవ్వుతావు, నవ్వితే నీకు దగ్గొస్తుంది, దగ్గితే చేతిలో సూది గుచ్చుకుంటుంది. ఆ పాపం నాకెందుకని కాగితం తీసి మళ్ళీ సొరుగులో పెట్టేశాను. కానీ నేను చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు, చెప్పేవాళ్ళు రెండింతలు చేసి చెబుతారు. అంచేత సూది పక్కన పెట్టి చదువు.

నేను యూనివర్సిటీలో చేరాను. ఫ్రెంచి చదువుతున్నాను.

నవ్వడం అయిందా? సరే.

బడి మొహం సరిగ్గా చూడనివాడికి అక్కడ సీటెవరిచ్చారని అడుగుతావు. సర్టిఫికెట్లు లేని పెద్దవాళ్ళ కోసం వేరే ప్రవేశ పరీక్ష పెడుతున్నారు. రాశాను, వచ్చింది. కనపడ్డ పుస్తకమల్లా చదివి నా అంతట నేను పోగేసుకున్న చదువు ఏదో ఒకరోజు పనికొస్తుందని మీ అక్క అంటూండేది. 'రాకపోయినా నష్టం లేదు, ఇంట్లో చోటైతే ఆక్రమించదుగా' అని కూడా ఆవిడే అనేది.

ఫ్రెంచే ఎందుకంటావా? మన నాటక సమాజం ఏటా ఆడిన గడియారాల వ్యాపారి నాటకం ఫ్రెంచిలోంచి తెచ్చుకున్నదే కదా. నలభై ఏళ్ళు స్టేజి పక్క వింగులో స్టూలు మీద కూర్చుని, ఆ అనువాదం ఒళ్ళో పెట్టుకుని, మాట మరిచిపోయిన ప్రతి నటుడికీ మాటందించాను. రెండో అంకం మధ్యలో అనువాదకుడు ఒకచోట 'ఇక్కడ మూడు పేజీలు అనవసరం, వదిలేశాను' అని రాసి పెట్టాడు. ఎవరికి అనవసరం? ఆ మాట ఆయనెలా తేలుస్తాడు? హీరో ప్రేమలో పడ్డ ప్రతిసారీ, హీరోయిన్ మూర్ఛపోయిన ప్రతిసారీ నా బుర్రలో ఆ మూడు పేజీలే. రిటైరయ్యాక చేతిలో పుస్తకం లేదు, దురద మాత్రం మిగిలింది.

మొదటి రోజు నేను క్లాసులోకి వెళ్ళగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. పాఠం చెప్పడానికొచ్చాననుకున్నారు. నేను వెనక బల్లకి పోయి కూర్చునేసరికి ఏం చెయ్యాలో తోచక వాళ్ళూ ఒక్కొక్కరే కూర్చున్నారు. తర్వాత అసలు టీచరు వచ్చారు. మేడమ్ అంటాం. నా కూతురి వయసు ఉంటుంది. తప్పు పలికితే నవ్వరు, ఒప్పు పలికినా నవ్వరు.

ఫ్రెంచివాళ్ళకి 'ర' గొంతులోంచి రావాలి. రోజూ ఉదయం పుక్కిలిస్తున్నట్టు సాధన చేస్తున్నాను. మొన్న కింద పళ్ళ డాక్టరు గారు గ్లాసుతో ఉప్పునీళ్ళు పట్టుకుని పైకొచ్చేశారు. "గొంతు నొప్పి ముదరబెట్టుకోకండి" అని మందలించారు. చదువుకుంటున్నానండీ అంటే నమ్మలేదు. మనిషి మంచివాడని ఆ నీళ్ళు పుక్కిలించాను. అదేం విచిత్రమో, ఆ పూట 'ర' బాగా వచ్చింది.

నా పక్కన కూర్చునే అమ్మాయిని అందరూ 'కామా' అంటారు. రెండు మాటలకోసారి ఆగుతుంది. ఆగి, మళ్ళీ అందుకుంటుంది. రాతపనిలో క్లాసు మొత్తానికి ముందుంటుంది. నా తప్పులన్నీ పెన్సిలుతోనే దిద్దుతుంది, పెన్నుతో దిద్దితే నేను చిన్నబుచ్చుకుంటానని. ఈ వయసులో ఇలాంటి పక్కసీటు దొరకడం నా అదృష్టం.

నీ బావ


టైలరింగ్ షాపు,
కుట్టుమిషను ముందు

బావకి,

సూది పక్కన పెట్టమన్నావు, పెట్టాను. కత్తెర పెట్టమనలేదుగా. దగ్గొచ్చి ఒక స్కూలు చొక్కా చెయ్యి అడ్డంగా కోసేశాను. పాపం ఆ పిల్లాడికి ఈ ఏడు పొట్టిచేతులే.

నవ్విన మాట నిజమే కానీ, నవ్వాక చాలాసేపు సంతోషంగా కూర్చున్నాను. అక్క పోయాక నువ్వు తలుపులు బిగించుకుని, టీవీ సీరియళ్ళలో వాళ్ళకి డైలాగులందిస్తూ బతికేస్తావేమోనని నా భయం. ఇప్పుడు పళ్ళ డాక్టరు గారిని భయపెట్టే స్థాయికి వచ్చావు. శుభం.

వంట ఎవరు చేస్తున్నారు? 'నేనే' అని అబద్ధం రాయకు.

ఇంకొక్క మాట. క్లాసులో ఎవరైనా తడబడితే నీ నోరు ఊరుకోదు. మా పెళ్ళిచూపుల్లో మా ఆయన తన పేరు చెప్పడానికి ఒక్క క్షణం సిగ్గుపడితే నువ్వే చెప్పేశావు. కాబట్టి మూతి మీద చెయ్యి పెట్టుకుని కూర్చో. మరీ ముఖ్యంగా ఆ కామా పక్కన.

ఆ పిల్ల ఆగినప్పుడు ఎటు చూస్తుంది? వచ్చే ఉత్తరంలో రాయి.

నీ మరదలు


యూనివర్సిటీ లైబ్రరీ,
కిటికీ పక్క బల్ల

మరదలికి,

వంట నేనే. నమ్మకపోతే నీ ఇష్టం. మాడిన గిన్నె సాక్ష్యానికి దాచాను.

ఆ పిల్ల ఆగినప్పుడు పైకీ చూడదు, కిందికీ చూడదు. ఎదురుగా ఏదో ఉన్నట్టు దాన్నే చూస్తుంది. నువ్వెందుకడిగావో కానీ, నాకా ఈ జాగ్రత్తలు చెబుతున్నావు? ఆగడం వేరు, ఇరుక్కోవడం వేరు. ఆ తేడా తెలియనివాడు వింగులో కూర్చోకూడదు. మన రాజావారి వేషగాణ్ణి తలుచుకో. సింహాసనం మీద కూర్చుని మీసం దువ్వుతూ అంతసేపు మౌనంగా ఉండేవాడు. కొత్తవాడైతే కంగారుపడి మాట విసిరేసేవాడు. నేను కదిలేవాణ్ణి కాదు. ఆయన మీసం దువ్వుతున్నంతసేపూ మాట గుర్తుందన్నట్టు. దువ్వడం ఆపి చెవి గోక్కున్నాడంటే అప్పుడు అందించాలి. ఒకసారి మీసమే ఊడి చేతిలోకి వచ్చింది, అది వేరే కథ. నలభై ఏళ్ళలో నిండు మౌనంలో మాట పారేసిన పాపం నేను ఒక్కసారి కూడా చెయ్యలేదు.

ఇక ఇక్కడి సంగతులు. వారానికో రోజు ఫ్రెంచివాళ్ళ తీరుతెన్నుల పాఠం. మేడమ్ బల్లలన్నీ జరిపించి, ఒకదాని వెనక నన్ను నిలబెట్టి, "మీరు రొట్టెల దుకాణం యజమాని" అన్నారు. అక్కడ దుకాణంలో అడుగు పెట్టగానే ముందు 'బోంజూర్' అని పలకరించాలి, ఆ తర్వాతే రొట్టె సంగతి. పలకరించకుండా రొట్టె అడిగినవాళ్ళ వైపు నేను మొహం మాడ్చుకుని చూడాలి. అదే నా పని. బాగా మాడ్చుకున్నానని మేడమ్ మెచ్చుకున్నారు. ఇన్నేళ్ళ రంగస్థల జీవితంలో నాకు దొరికిన మొదటి వేషం మరదలా, అందులోనూ మాటల్లేవు!

ఆ మూడు పేజీలు చదివాను. లైబ్రరీలో మూలం దొరికింది. కామా పక్కన కూర్చుని, ఒక్కో వాక్యం నాచేతే విప్పించింది, తొందరపెట్టకుండా. గడియారాల వ్యాపారీ పక్కింటాయనా ఇంటి చూరు నీళ్ళు ఎవరి గోడ మీద పడుతున్నాయని పోట్లాడుకున్నారు. మూడు పేజీలూ అదే. కథకి గానీ మనిషికి గానీ బొత్తిగా అక్కర్లేనివి. అనువాదకుడి ఆత్మ శాంతించుగాక. నేనూ కామా లైబ్రరీలో నవ్వు ఆపుకోలేకపోతే బయటికి పంపించేశారు. కానీ చూశావా, వచ్చిన పని అయిపోయినా నాకు వెళ్ళబుద్ధి కావడం లేదు.

ఇంకో సంగతి. మేడమ్ నా వృత్తి అడిగి, దానికి వాళ్ళ భాషలో ఉన్న పేరు చెప్పారు. 'ఊదేవాడు' అని అర్థం వస్తుందట. నలభై ఏళ్ళుగా నేనొక వాద్యకారుణ్ణన్నమాట, ఎవరూ చెప్పనేలేదు.

ఏటా మా క్లాసులోంచి ఒకరిని ఫ్రెంచివాళ్ళ దేశపు యూనివర్సిటీకి ఒక టర్ము పంపిస్తారు. ఖర్చంతా వాళ్ళదే. రాత పరీక్షలో కామాదే పైచేయి. ఇక మౌఖిక పరీక్ష ఒక్కటే అడ్డం. ఆ పిల్లకి ఆ సీటు రావాలని, ఎవరినీ ఏదీ కోరని నేను కూడా కోరుకుంటున్నాను. రోజూ సాయంత్రం ఇద్దరం మెట్ల మీద కూర్చుని సాధన చేస్తున్నాం. ఆ పిల్లకి నేనేదో నేర్పుతున్నానని కాదు, వినడానికి మనిషి కావాలిగా.

నీ బావ


టైలరింగ్ షాపు

బావకి,

ఒక్కసారి కూడా లేదా? సరే, నువ్వన్నాక నేను కాదంటానా.

ఇక్కడ యూనిఫాంల సీజను. కాజాలు కుట్టీ కుట్టీ వేళ్ళు వంగడం లేదు. పెద్ద ఉత్తరం తర్వాత రాస్తాను. ఆ అమ్మాయికి నా మాటగా చెప్పు, తొందరపడొద్దని. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆగమని.

నీ మరదలు


మేడమీద గది

మరదలికి,

నీ మాట ఆ అమ్మాయికి చెప్పాను. నాకు నేనే చెప్పుకోలేకపోయాను.

మా మౌఖిక పరీక్ష పద్ధతి ఇలా ఉంటుంది. ఒకరు పరీక్షకుల ముందు కూర్చుంటే, తర్వాతి వాళ్ళు అదే గదిలో గోడవార కుర్చీలో కూర్చుని సిద్ధంగా ఉండాలి. నిన్న కామా తర్వాత నేను. బల్ల అవతల మేడమ్, ఆవిడ పక్కన బయటి కాలేజీ నుంచి వచ్చిన ఒక పరీక్షకుడు. కామా చేతికి ఒక బొమ్మ ఇచ్చి వర్ణించమన్నారు. ముసలావిడ, కిటికీ, బయట వాన. చక్కగా మొదలుపెట్టింది. గది చెప్పింది, వాన చెప్పింది, ఆవిడ చేతి ముడతలు చెప్పింది. "ఈవిడ పొద్దుటినుంచీ ఈ కిటికీ దగ్గర కూర్చుని" అని, ఆగింది.

ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. నాకు మాత్రం హాలు నిండా జనం ఉన్నట్టు, తెర అంచు నా భుజానికి తగులుతున్నట్టు, ఒళ్ళో పుస్తకం ఉన్నట్టు అనిపించింది. నోటినుంచి మాట జారిపోయింది. 'ఎదురుచూస్తోంది' అని. ఫ్రెంచిలో, మెల్లగా, స్పష్టంగా, హాల్లో ఎవరికీ వినపడకుండా నటుడికి మాత్రమే వినపడేలాగ. కానీ అక్కడ హాలు లేదు. నాలుగు గోడలు, నలుగురు మనుషులు.

బయటి ఆయన కలం కింద పెట్టేశాడు. మేడమ్ నా వైపు చూశారు. రొట్టెల దుకాణంలో నేను మాడ్చుకున్న మొహం ఆ మొహం ముందు ఎందుకూ కొరగాదు. సాయం అందింది కాబట్టి ఆమె పరీక్ష రద్దు. నాది మొదలుపెట్టకుండానే రద్దు. ఎంపిక జాబితా ఈ నెలాఖరుకి వెళ్ళిపోతుంది. మౌఖికం మార్కు లేకపోతే ఆమె పేరు అందులో ఉండదు.

వరండాలోకి వచ్చాక ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నేను చెప్పబోయింది అది కాదు తాతగారూ" అంది. మరేమిటమ్మా అన్నాను. "ఆవిడ వీధిలో పోయే గొడుగుల్ని లెక్కపెడుతోంది అందామనుకున్నాను."

పుస్తకం చేతిలో లేకుండా, మాటలేమిటో తెలియకుండా ప్రాంప్టింగ్ చెప్పిన మొదటివాణ్ణి ప్రపంచంలో నేనేనేమో.

తర్వాత ఇంకో మాట కూడా అంది. ఆగి ఆగి అంది. "ఇంట్లో నేను మొదలుపెట్టిన ప్రతి వాక్యమూ ఇంకెవరో పూర్తి చేసేస్తారు. అమ్మ, అన్నయ్య, బస్సులో కండక్టరు కూడా. ఫ్రెంచి క్లాసులో అయితే అందరూ ఆగుతారు కదా, వెతుక్కుంటారు కదా. ఇక్కడ నన్నెవరూ నెమ్మది అనుకోరని వచ్చాను తాతగారూ." కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

ఈ వారంలోనే విభాగం కమిటీ ముందుకి మమ్మల్ని పిలిచారు. ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను. నా వృత్తి సంగతి చెబుతాను, రాజావారి మీసం సంగతి చెబుతాను, ఆ అమ్మాయికి మాట వచ్చుననీ, ఆమె బదులు నన్ను పంపించెయ్యమనీ చెబుతాను. ఆమె నోరు విప్పాల్సిన అవసరమే లేకుండా అంతా నేనే చూసుకుంటాను.

నీ బావ


షాపు వెనక గది,
మిషను ఆపి

బావకి,

నీ ఉత్తరం అందగానే రాస్తున్నాను. కమిటీ లోపు అందాలని మా పక్క షాపాయన మోటారు సైకిలు మీద వెళ్ళి పెద్ద పోస్టాఫీసులో వేసి వస్తానన్నాడు.

ఆ చివరి వాక్యం నువ్వు మళ్ళీ ఒకసారి చదువుకో. 'ఆమె నోరు విప్పాల్సిన అవసరమే లేకుండా.' ఏం బావా, ఒకసారి అందించింది చాలలేదా? కమిటీ ముందు కూడా అందిస్తావా?

ఇప్పుడొకటి చెబుతాను. మంచినీళ్ళు తాగి చదువు.

గడియారాల వ్యాపారి కూతురు వేషం వేసే ఆవిడకి ఒకసారి జ్వరం వచ్చింది, గుర్తుందా? రిహార్సల్సు జరిగినంతకాలం పక్కన కూర్చుని బట్టలు కుట్టినదాన్ని నేనే కాబట్టి, నాకు మాటలు వచ్చునని అక్క నన్ను స్టేజి ఎక్కించింది. రెండో అంకంలో తండ్రి 'నీకు ఎవరంటే ఇష్టం?' అంటాడు. ఆ మాటకి వెంటనే జవాబు చెప్పేస్తుందా ఏ ఆడపిల్లైనా? ఆగాలి. తండ్రిని చూడాలి, గోడ మీద గడియారం చూడాలి, అప్పుడు చెప్పాలి. నేను వారం రోజులు అద్దం ముందు ఆగడం నేర్చుకున్నాను. ఆగాను. తండ్రిని చూశాను. గడియారం వైపు తల తిప్పేలోపల వింగులోంచి నీ మాట వచ్చేసింది.

మళ్ళీ ఆగాను, మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత నేను ఆగడం మానేసి నువ్వు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను. నాటకం అయ్యాక అందరూ, 'బావ ఉన్నాడు కాబట్టి గట్టెక్కావే' అన్నారు. నేను నీ దగ్గరికొచ్చి, 'నీ రుణం తీర్చుకోలేను బావా' అన్నాను. అది నటన. ఆ రోజంతటికీ నేను బాగా నటించింది అదొక్కటే, దానికెవరూ చప్పట్లు కొట్టలేదు.

నాకు మాటలన్నీ వచ్చు బావా.

ఇది ఇన్నాళ్ళూ చెప్పలేదేమంటే, చెప్పి ఏం చెయ్యను? నువ్వు ప్రేమకొద్దీ చేశావు. మరదలు నలుగురిలో పరువు పోగొట్టుకోకూడదని నీ ప్రాణం కొట్టుకుంది. అది నాకు ఆనాడూ తెలుసు. బట్టలు కుట్టడం నాకిష్టం, ఈ షాపంటే నాకిష్టం, ఈ బతుకు మీద నాకే ఫిర్యాదూ లేదు. నిన్ను బాధపెట్టడానికి రాయడం లేదు. ఆ పిల్ల నాలాగ మళ్ళీ సూది దగ్గరికి వెళ్ళిపోకూడదని రాస్తున్నాను. నేనైతే కుట్టుపనిని ప్రేమించే ఇటు వచ్చాను అనుకో. ఆ పిల్ల ప్రేమించింది ఆ భాషని.

నువ్వు వెళ్ళు. అడిగితే 'తప్పు నాదే' అను. తర్వాత నోరు మూసుకో. ఆ అమ్మాయిని చెప్పుకోనీ.

నీ మరదలు


మేడమీద గది,
పొద్దున్నే

మరదలికి,

నీ ఉత్తరం చదివి మంచినీళ్ళు తాగాను. నువ్వు ముందు తాగమన్నావు. నేను ఎప్పటిలాగే ఆగలేదు.

క్షమించు. ఇంతకన్నా పెద్ద వాక్యాలు నాలుగు రాసి కొట్టేశాను. అవి నా ముచ్చట కోసం రాసుకున్నవి, నీకోసం కాదు. ఇన్నేళ్ళూ నీకు నేనేదో మేలు చేశానన్న లెక్కన, ఏటా నువ్వు కుట్టి పంపిన చొక్కాలు దర్జాగా తొడుక్కున్నాను. ఆ చొక్కాలకి కూడా ఇప్పుడే ధన్యవాదాలు చెబుతున్నాను.

ఇక కమిటీ. పొడుగు బల్ల, ముగ్గురు పెద్దలు, అందులో మేడమ్ ఒకరు. "మీరేమైనా చెప్పుకోవాలా?" అని నన్నడిగారు. నా జేబులో నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం ఉంది, అందులో రాజావారి మీసం ఉంది. "తప్పు నాదేనండి, మిగతాది ఆ అమ్మాయిని అడగండి" అన్నాను. నీ సలహా పాటించాను కానీ, ఆ మాట దగ్గర ఆగడం నాటకానికి తెర దించడం కన్నా కష్టంగా ఉంది.

కామా లేచి నిలబడింది. మొదలుపెట్టింది, ఆగింది. బల్ల చివర ఉన్న పెద్దాయన, "అంటే నీ ఉద్దేశం..." అని అందుకోబోయాడు. మేడమ్ చెయ్యి కొంచెం పైకెత్తారు. ఆయన ఆగిపోయాడు. చూశావా, అందరికీ ఉందీ జబ్బు, నేను దాంతో జీతం సంపాదించాను, అంతే.

కామా చెప్పింది: "నాకు మళ్ళీ పరీక్ష పెట్టండి. వేరే బొమ్మ ఇవ్వండి. తాతగారిని మాత్రం ఆ కుర్చీలోనే కూర్చోబెట్టండి." ఎందుకన్నారు. "ఆయన్ని బయట కూర్చోబెడితే, మొన్న ఆయన మాటతోనే నేను నెగ్గుకొచ్చేదాన్నేమో అని మీకు అనుమానం ఉండిపోతుంది. ఆయనకీ ఉండిపోతుంది."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిబంధనల్లో ఇలాంటిది లేదని ఒకాయన అన్నాడు. వద్దని కూడా లేదని మేడమ్ అన్నారు. నేను ఆవిడకి జీవితాంతం కృతజ్ఞుణ్ణి. నవ్వకపోతే ఏం, ఆ ఒక్క మాట చాలు.

నిన్న పరీక్ష. లోపలికి వెళ్ళబోతూ కామా నా చేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ళ పెట్టింది. "నమలకండి తాతగారూ, చప్పరించండి" అంది. పరీక్షకుడి ముందు కూర్చోబోయే పిల్ల, గోడవార ముసలాడి గురించి ఆలోచించింది చూడు.

ఈసారి బొమ్మలో మెట్ల మీద కూర్చున్న ఒక మనిషి. ఒక కాలి బూటు విప్పి చేతిలో పట్టుకున్నాడు. వెనక తలుపు మూసి ఉంది. కామా మెట్లు చెప్పింది, తలుపు చెప్పింది, ఆ మనిషి అలిసిపోయిన భుజాలు చెప్పింది. "ఈయన బూటు ఎందుకు విప్పాడంటే" అని, ఆగింది.

నాకు జవాబు తెలుసు. బూటు కరిచింది. కాలు పుండయింది. నాలుక చివర ఉంది, ఫ్రెంచి మాటతో సహా. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. బయటి ఆయన కలం మీద చూపు పెట్టాను. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. నాదే అనుకుంటాను. ఆ మౌనంలో మొదటిసారి ఒక సంగతి గమనించాను మరదలా: అది ఖాళీ కాదు, అందులో ఆ పిల్ల ఉంది. మాట కోసం వెతకడం లేదు. బొమ్మలోకి వెళ్ళి, ఆ మనిషి పక్కన మెట్టు మీద కూర్చుని వస్తోంది.

వచ్చింది. "...లోపల పసిపాప నిద్రపోతోంది. చప్పుడు చెయ్యకుండా వెళ్ళాలని విప్పుతున్నాడు" అంది.

మేడమ్ నవ్వారు. నేను చూశాను. ఇంకెవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.

తర్వాత నాది, నాకూ మళ్ళీ పెట్టారు. నాకిచ్చిన బొమ్మలో సంత ఉంది, కూరగాయలన్నీ ఉన్నాయి. నాకు మాత్రం సగం పేర్లు గుర్తులేవు. ఆగాను. ఎవరూ అందించలేదు. గోడవార కామా కూర్చుని ఉంది, కదల్లేదు. నిజం చెప్పనా, అంత హాయిగా నేనెప్పుడూ ఇరుక్కోలేదు. గుర్తొచ్చినవి చెప్పాను, రానివాటిని వేలితో చూపించి 'ఇదీ, అదీ' అన్నాను.

నలభై ఏళ్ళు ఇతరుల మాటలు మోశాననుకున్నాను. నువ్వు ఒక్క మాట ఇన్నేళ్ళు మోసి, సరిగ్గా కావలసిన రోజున అందించావు. ఈ వృత్తి నీదగ్గర నేర్చుకుని ఉండాల్సింది.

నీ బావ


టైలరింగ్ షాపు

బావకి,

చాల్లే పొగడ్తలు, కాజాలు కుట్టేటప్పుడు కళ్ళకి నీళ్ళు అడ్డమొస్తున్నాయి.

నీ క్షమాపణలు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీదు, అలమరాలో చోటు లేదు. కాబట్టి ఇచ్చినందుకు సంతోషమని చెప్పి ఊరుకుంటాను. నిజంగానే సంతోషం. చెప్పాక ఇన్నాళ్ళూ ఎందుకు మోశానా అనిపించింది, ఏమంత బరువుందని.

ఆ పిల్లకి కోటు కావాలి కదా, అక్కడ చలి. సైజు పంపించు. డబ్బు మాట ఎత్తావంటే బావ అని కూడా చూడను.

జాబితా సంగతి తెలియగానే రాయి. నీ ఉత్తరం వచ్చేదాకా కటింగులన్నీ తప్పుతున్నాయి.

నీ మరదలు


యూనివర్సిటీ,
క్లాసు బయట బెంచీ

మరదలికి,

జాబితాలో కామా పేరు ఉంది, కొలతలతో పాటు పంపిన కార్డు ముక్కలో అంతవరకే రాశాను. ఒక్కటే పేరు, అది ఆమెదే. నేను ఫలితాల బోర్డు దగ్గర నిలబడి ఆ పేరు పైకి చదివితే, పక్కనున్నవాళ్ళు నేనేదో నెగ్గాననుకుని నాకు చెయ్యి కలిపారు. నేనూ కలిపాను.

నాకు మౌఖికంలో పాసుకి సరిపడా మాత్రం వచ్చింది. కూరగాయల దయ.

కోటు సరిగ్గా సరిపోయింది. భుజాల దగ్గర పట్టేస్తుందని భయపడ్డావు, పట్టలేదు. ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని ఏదో చెప్పబోయి ఆగింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. వాళ్ళమ్మ కూడా అక్కడే ఉంది, ఆవిడ నోరు తెరిచింది, మళ్ళీ నన్ను చూసి మూసేసింది. "కుట్టినావిడకి నేనే ఉత్తరం రాస్తాను" అంది చివరికి. రాస్తుంది. ఆలస్యమైతే కంగారుపడకు.

నిన్న ఉదయం వెళ్ళిపోయింది. బస్టాండు దాకా ఒక సంచీ నేను మోశాను. బస్సు వచ్చింది, ఎక్కింది, కిటికీ దగ్గర చోటు దొరికింది.

ఇవాళ క్లాసుకొచ్చాను. మేడమ్ హాజరు పిలిచారు. ఆ అమ్మాయి పేరు దాటేసి, తర్వాతి పేరు చదివారు. అది నాది. ఉన్నానన్నాను.

నీ బావ